కాకి ముట్టని ఆట

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభానికి అరచెయ్యి ఆనించి, మిట్టమధ్యాహ్నం ఎండలో, చెప్పులు కూడా విడిచి ప్రమాణం చేస్తున్నాను. ఈ కింద రాసిన ప్రతి మాటా నిజం. చెప్పులు విడవడం అవసరమా అని పక్కనున్న మిర్చి బజ్జీల బండి ఆయన అడిగాడు. అవసరమే. నేను చెప్పులతో చేసిన ప్రమాణాలను మా ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నా పేరు నర్సింగరావు. నాచారం పారిశ్రామికవాడలో, ఒకప్పుడు బిస్కెట్ల గోదాముగా ఉన్న షెడ్డు పై అంతస్తులో వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. అందులో కథలు రాసే ఉద్యోగం చేసి విరమించుకున్నాను. నా వయసువాళ్లు బ్యాంకుల్లో ఇంకా బదిలీల కోసం కొట్లాడుతున్నారు. మా పనిలో మాత్రం నడివయసు అంటే తాత వయసే. కొత్తగా చేరిన పిల్లలు "అంకుల్" అన్న రోజున బల్ల ఖాళీ చెయ్యాలి. చేశాను. అప్పటినుంచి కాళ్లు ఒకచోట ఆగడం లేదు. ఇది కూడా నాలుగు ముక్కలు రాసి, లేచి, హబ్సిగూడ దాకా నడిచి, తిరిగి వచ్చి ఇంకో నాలుగు ముక్కలు రాస్తున్నాను. అక్కడక్కడ చెమట వాసన వస్తే ఏమీ అనుకోవద్దు.

ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. ప్రమోషన్ల గురించి అడగొద్దు. అవి నాకూ తెలియవు.

చచ్చినవాడు లేస్తే

ఆటల సంగతి తెలియనివాళ్ల కోసం ముందు ఈ మాట. వీడియో గేములో కథానాయకుడు చస్తూ ఉంటాడు. లోయలో పడో, కత్తి దిగో, ఆడేవాడి బొటనవేలు చెమటకు జారో. చచ్చిన రెండు క్షణాలకు లేచి, ఒళ్లు దులుపుకొని, కొంచెం వెనక నుంచి మళ్లీ పరుగు మొదలుపెడతాడు. దీన్ని మేము రీస్పాన్ అంటాం. వాడు లేవకపోతే ఆట లేదు. కానీ కథ అన్నాక, చచ్చినవాడు ఎందుకు లేచాడో ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ ఎవరో ఒకరిని నేనే. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చేసిన పని అదొక్కటే.

ఉద్యోగం ఎలా వచ్చిందంటే, ఇంటర్వ్యూకి ఆలస్యంగా వెళ్లడం వల్ల వచ్చింది. మా బాస్ మూర్తి గారిది తణుకు దగ్గర పల్లె. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని, దాని మీదుగా మనిషిని తూకం వేసేవారు.

"ఏమయ్యా, పొద్దున రమ్మంటే భోజనాల వేళకు వస్తావా?"

"సార్, పొద్దుగాలనే వస్తుంటి. చౌరస్త కాడ లారీ కింద పడి సచ్చిపోయిన. మల్ల ఇంటికాన్నుంచి మొదలువెట్టాల్సి వచ్చింది."

ఆయన నవ్వలేదు. కళ్లజోడు పైకి తోసుకున్నారు. "ఇంటి దగ్గర నుంచే ఎందుకు లేచావు? చౌరస్తాలోనే లేవొచ్చుగా?"

"పానం లేసేది పండుకున్న మంచం మీదికేనంట సార్. నిన్న నేను చౌరస్తల పండుకోలే గద."

"రేపట్నుంచి రా," అన్నారు.

తర్వాత తెలిసింది, వచ్చినవాళ్లలో మిగతా అందరూ ట్రాఫిక్ అని చెప్పారట.

అమ్మవారికి వచ్చిన ఇబ్బంది

నా మొదటి ఆటలో ఒక కోట, దాన్ని కాపాడే వీరుడు, ఎదురుగా రాక్షసుడు. వీరుడు చచ్చినప్పుడల్లా కోట వాకిట్లో ఉన్న అమ్మవారు కళ్లు తెరిచి వాణ్ని లేపుతుంది. రాసుకుని, చదువుకుని, నాకు నేనే భుజం తట్టుకున్నాను. అప్పుడు లింగం వచ్చాడు.

లింగం మా ప్రోగ్రామరు. నేను రాసినదాన్ని కదిలేలా, పరుగెత్తేలా, చచ్చేలా చేసేది అతనే. కాపురం దమ్మాయిగూడలో, అమ్మానాన్నలు ఉప్పల్‌లో. మాట తక్కువ. ఆ తక్కువ మాటలే తగలాల్సిన చోట తగులుతాయి.

"నర్సన్నా, గీ అమ్మవారు వీన్ని ఇన్నిసార్లు లేపుడెందుకే? ఆ రాక్షసున్నే ఒక్కపారి సంపితే అయిపోతుండె గద?"

ఆరోజు తెలుసుకున్నది ఇది: ప్రాణం తిరిగి ఇవ్వగలిగేవాళ్లకు మిగతా పనుల్లో చేతులు కట్టేసి ఉండాలి. లేకపోతే మీ కథానాయకుడు ఉత్త కూలీగా తేలిపోతాడు. ఈ తప్పు చేసిన ఆటలు ఇప్పటికీ బోలెడన్ని వస్తున్నాయి, చూస్తూనే ఉన్నాను.

రెండో ఆటలో దేవుళ్ల జోలికి పోలేదు. ఒక యంత్రం పెట్టాను. మనిషి చస్తే అచ్చు అలాంటి ఇంకో మనిషిని పోతపోసి బయటకు తోస్తుంది. ఈసారి ఎస్తేరు పట్టుకుంది. ఎస్తేరు మా బొమ్మల ఆర్టిస్టు. జనగామ వైపు నుంచి వచ్చి నాగారంలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చి, మిగతా రోజులు మా రాక్షసులు.

"మరి పాత శవాలేవి అన్నా?"

"ఏ శవాలు?"

"సచ్చినోడు సచ్చినట్టే ఉంటడు గద. కొత్తోడు వస్తె పాతోడు ఏడికి పోయిండు?"

మూర్తి గారు అవునవును అన్నారు. శవాలు ఎక్కడివక్కడ ఉండాల్సిందే అన్నారు. ఉంచాం. పది నిమిషాలు ఆడేసరికి తెరంతా శవాలు, వాటన్నిటినీ గీయలేక ఫోను కాలిపోవడం. ఎంత వేడి అంటే, మా కింద టీ బండి నడిపే అతను ఆ ఫోను మీద గుడ్డు కొట్టి ఆమ్లెట్ వేశాడు. ఉప్పు కొంచెం ఎక్కువైంది. ప్రమాణం చేశాను కదా, గుర్తుపెట్టుకోండి.

ఆమ్లెట్ తింటూ ఎస్తేరు అన్న మాట మీరు గోడ మీద రాసి పెట్టుకోవాలి. "మా ప్రభువు ఒక్కపారే లేచిండు అన్నా. అందుకే గిన్నేండ్లయినా ఇంక చెప్పుకుంటున్నం. నీ హీరో పూటకు వందసార్లు లేస్తడు. గా లేసుడును ఎవడు పట్టించుకుంటడు?"

ఒక్క నిమిషం. టీ తాగి వస్తాను.

కాకి

వచ్చాను. ఇక అసలు ఆట.

అప్పటికి కంపెనీ పరిస్థితి బాగాలేదు. వచ్చే ఆట కూడా జనంలో ఆడకపోతే షెడ్డు మళ్లీ బిస్కెట్లకే. మూర్తి గారు బస్సు ఆట అన్నారు. వానకు మునిగిన నగరం, చిట్టచివరి సిటీ బస్సు, ఒక డ్రైవరు. ఎక్కినవాళ్లందరినీ ఇళ్లకు చేర్చాలి. నీళ్లలో మునిగితే డ్రైవరు చస్తాడు, మళ్లీ వెనక స్టాపు నుంచి మొదలు. మరి ఎందుకు లేస్తాడు?

వారం రోజులు షెడ్డు చుట్టూ తిరిగాను. దేవుడు వద్దు, యంత్రం వద్దు, కల అంతకన్నా వద్దు. కల అని చెప్పినవాణ్ని ఆడేవాళ్లు జన్మలో క్షమించరు. తిరిగి తిరిగి ఒక గోడ మీద కాకిని చూశాను.

మా తెలంగాణలో మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినాయనకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, ఆరుబయట పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆయన తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు, ఇంకా ఇక్కడిక్కడే తిరుగుతున్నట్టు. అప్పుడు బంధువులు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఫలానాది చేస్తాం, పో అని మాటిస్తారు. సరైన మాట పడితే కాకి దిగుతుంది.

ఇంకేం కావాలి? మా డ్రైవరు చస్తాడు. తెర మీద ఒక పిట్టగోడ, దాని మీద విస్తరి, చుట్టూ బంధువులు, పక్క చెట్టు మీద కాకి. "బీరువ తాళం దొరికింది, ఫికర్ జెయ్యకు!" అంటుంది చెల్లెలు. కాకి ముఖం తిప్పుకుంటుంది. అంటే వాడు పోలేదు. బస్సు మళ్లీ స్టార్టు. ఇంకోసారి చస్తే ఇంకో చుట్టం: "బావా, నీ స్కూటర్ అమ్మం తియ్యి!" కాకి ఒక కొమ్మ వెనక్కి. చచ్చిన ప్రతిసారీ కొత్త మాట. వాడి అసలు కోరిక మాత్రం చివరి ప్రయాణికుణ్ని ఇల్లు చేర్చడం. అది తీరాక, ఆఖరి దృశ్యంలో కాకి మెతుకు ముడుతుంది. ఆట అయిపోతుంది. ఇక లేవడు.

మూర్తి గారు కుర్చీలోంచి లేచి మరీ నా చెయ్యి పట్టుకున్నారు. "కారణమంటే ఇదయ్యా! మావైపు పదోరోజున పెడతారు, అంతే తేడా. కాకి మాత్రం ఒకటే."

ఆడి చూసినవాళ్లంతా కావాలనే చచ్చేవాళ్లు, చుట్టాల మాటలు వినడానికి. నేను గాల్లో నడిచాను. అప్పుడే లింగం వాళ్ల నాన్న ఆడాడు.

రాజయ్య ఆడిన ఆట

లింగం వాళ్ల నాన్న రాజయ్య జీవితమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. కొడుకు చేసేది ఏం పనో ఆయనకు ఎవరు చెప్పినా ఎక్కలేదు. బస్సు ఆట అనగానే మాత్రం చెవులు నిక్కించాడు. ఒక ఆదివారం ఉప్పల్‌లో వాళ్లింటికి భోజనానికి పిలిచారు. బోటి కూర, జొన్నరొట్టె. తిన్నాక ఫోను ఆయన చేతిలో పెట్టాం. అద్దాలు పెట్టుకుని, మోకాళ్లు దగ్గరకు చేర్చి, స్టీరింగు పట్టినట్టు పట్టుకున్నాడు.

మొదటి మలుపులోనే ఒక బ్రిడ్జి. దాని కింద ఎడమ వైపు దారి నీళ్లతో నిండి ఉంటుంది. రాజయ్య బ్రేకు వేసి ఆపాడు. ఇండికేటరు ఎక్కడుందని అడిగాడు. లేదన్నాం. చేతిని కిటికీలోంచి బయటకు చాపినట్టు నిజంగానే గాల్లోకి చాపి, కూర్చున్నాడు.

"నాయనా, ఆగొద్దు. ఆగితే ఎనకనుంచి నీళ్లొస్తయి," అన్నాడు లింగం.

నీళ్లొచ్చాయి. బస్సు మునిగింది. కాకి, చుట్టాలు, బీరువా తాళం. మళ్లీ మొదలు. మళ్లీ ఆపాడు. మళ్లీ మునిగాడు.

"నేనెందుకు మునుగుతున్నర? వాన నిలిచింది గద. నీళ్లు తగ్గాలె గని పెరుగుడేంది?"

"గది గట్లనే నాయనా. నువ్వు కుడిదిక్కు డివైడర్ల సందుంది సూడు, అండ్లకెల్లి అవతలి రోడ్డెక్కు."

రాజయ్య అద్దాల మీదుగా కొడుకును చూశాడు. "రాంగ్ రూట్ల పొమ్మంటున్నవా?"

"ఆట నాయనా, గది."

"ఆటైతే? లోపట మనుషులు గూసున్నరు గద."

"బొమ్మలు, నాయనా!"

"బొమ్మలైతే టికెట్ ఎందుకు కొట్టినవ్ర వాళ్లకు?"

నేను నవ్వు ఆపుకోలేక రొట్టె ముక్క గొంతుకు అడ్డం పడి దగ్గాను. రాజయ్య నాకు మంచినీళ్లు ఇచ్చి, మళ్లీ ఫోను తీసుకుని, మళ్లీ ఎడమ పక్కనే ఆపి, మళ్లీ మునిగాడు. పొద్దు గూకేదాకా మునుగుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా డివైడరు దాటలేదు. ఆఖరుకు ఫోను కొడుకు చేతిలో పెట్టి, "రోడ్డు బాగు జేసినంక పిలువు. అప్పుడు ఆడ్త," అన్నాడు.

"సూస్త తియ్యి," అన్నాడు లింగం.

చూడలేదు. ఎవరం చూడలేదు. తిరిగి వస్తూ దారంతా రాజయ్యలా చెయ్యి బయటకు చాపి నేనే నటించి లింగాన్ని నవ్వించాను.

మూడో రోజు

రాజయ్య నిద్రలో పోయాడు. గుండె అన్నారు.

మూడో రోజు నేనూ వెళ్లాను. ఉప్పల్ శివార్లో, శ్మశానం కంచెకు ఇవతల, విస్తరిలో బోటి కూర, జొన్నరొట్టె, పక్కన ఆయన తాగే బీడీ కట్ట. ఎదురుగా వేపచెట్టు మీద కాకి. మేమంతా దూరంగా నిలబడ్డాం.

కాకి దిగలేదు.

రాజయ్య తమ్ముడు ముందుకొచ్చాడు. "అన్నా, మనుమన్ని మంచిగ సదివిస్తం. ఫికర్ జెయ్యకు."

కాకి ఒక కొమ్మ వెనక్కి జరిగింది.

"బావా, అక్కను ఒక్కదాన్ని ఇడువం," అన్నది మరదలు. కాకి ముఖం తిప్పుకుంది. వెనక నుంచి ఎవరో అల్లుడు వరస ఆయన, కళ్లు తుడుచుకుంటూ, "మామా, నీ స్కూటర్ అమ్మం," అన్నాడు.

అవి నేను రాసిన మాటలు. నవ్వు కోసం రాసినవి. ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు. అక్కడినుంచి పారిపోవాలని నా కాళ్లు గింజుకుంటున్నాయి. లింగం నా వైపు చూశాడు. కోపంగా కాదు. తర్వాత ఏముందో చెప్పు, రాసింది నువ్వే కదా అన్నట్టు చూశాడు.

ఎండ ముదిరాక పెద్దలు ఆ విస్తరిలోని రొట్టె తీసి ఆవుకు పెట్టారు. అలా పెట్టొచ్చు, తప్పు లేదు అన్నారు. అందరూ స్నానాలకు కదిలారు. లింగం కదల్లేదు. చెట్టు కింద నిలబడి, "ఏం గావాల్నే నాయనా, జర చెప్పరాదు," అని ఒక్కసారి అడగడం విన్నాను.

ఎడమ పక్క

లింగం పనిలోకి వచ్చాడు. వచ్చాడంటే మనిషి వచ్చాడు. ఉప్పల్‌లో తల్లి దగ్గరకు వెళ్లడం మానేశాడు. ఆ ఇంట్లో నాయన ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుందట, ఆయన ముఖం ఎలా చూడాలో తెలియడం లేదట. ఇక మా ఆట ఆఖరి దృశ్యంలో కాకి గోడ మీద వాలుతుంది, రెండు గంతులు వేస్తుంది, విస్తరి వైపు చూస్తుంది, తినదు.

"ఏమయ్యా లింగం, కాకి తినదేం?" అన్నారు మూర్తి గారు.

"తింటలేదు సార్."

"తినిపించవయ్యా. నీ చేతిలో పనేగా?"

"నా చేతుల లేదు సార్."

ఆటను విడుదల చేసేవాళ్లు బెంగళూరు నుంచి చూడ్డానికి రావాల్సి ఉంది. అయినా మూర్తి గారు ఇంకో మాట అనలేదు. నన్ను పక్కకు పిలిచి, "నరసింగూ, నువ్వు అబద్ధాలు బాగా చెబుతావుగా. ఏదో ఒకటి చెప్పి వాణ్ని నిలబెట్టవయ్యా," అన్నారు. నా ఉద్యోగజీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది.

మెట్ల మీద లింగం పక్కన కూర్చున్నాను. "తమ్మీ, మీ నాయన రాత్రి నా కలలకొచ్చిండు. ఖాకీ డ్రెస్సు ఏసుకుండు. నాకేం కోరికల్లేవు, పిలగాన్ని పరేషాన్ గావొద్దని చెప్పు అన్నడు."

"అన్నా, నువ్వు అబద్ధం జెప్తుంటే నీ చెవులు కదుల్తయి."

చేతులతో చెవులు పట్టుకున్నాను. అతను నవ్వలేదు. ఏం చెయ్యాలో తెలియక, చేతులు ఊరికే ఉండక, ఫోను తీసి ఆట మొదలుపెట్టాను. మొదటి మలుపు. బొటనవేలు దానంతట అదే కుడికి వెళ్లబోయింది. ఎందుకో ఆపాను. రాజయ్యలా ఎడమ పక్కనే నిలబెట్టాను. నీళ్లొచ్చి మునిగాను. ఇంకోసారి నిలబెట్టాను. ఇంకోసారి మునిగాను.

"ఆగితే ఎందుకు సస్తున్నంర లింగం?"

"నేనే రాసిన. ఆగనిస్తే ఆడేటోళ్లు ఫోన్ పక్కకు వెట్టి లేస్తరని. ఆగితే సావాలె."

"ఎడమ దిక్కు పోతే?"

"మునుగుతవు."

"అంటే రాంగ్ రూట్ల పోతేనే బతుకుతరు."

నేను మెట్ల మీంచి రోడ్డు వైపు చూశాను. అటునుంచి మా ఎస్తేరు స్కూటీ మీద వస్తోంది, రాంగ్ రూట్లో. యూ టర్న్ చాలా దూరం, అందరం అలాగే వస్తాం. మా ఆటలో రోడ్డు గీసింది ఎస్తేరు, నడిపింది లింగం, కథ కట్టింది నేను, సరే అన్నది మూర్తి గారు. సరిగ్గా నడిపేవాడికి దారి లేదన్న సంగతి ఒక్కరికీ కనబడలేదు. హైదరాబాదులో తయారైన ఆటలో తప్ప ఈ తప్పు ఇంకెక్కడా దొర్లదు. చచ్చినవాడు ఎందుకు లేచాడో చెప్పడానికి నెలలు తిరిగాను. ఎందుకు చచ్చాడని ఒక్క పూట కూడా అడగలేదు. తమ్ముళ్లూ, నేను నేర్చుకున్నది మొత్తం ఈ రెండు వాక్యాలే.

"లింగం, మీ నాయన ఆఖరుకు ఏమన్నడురా?"

"రోడ్డు బాగు జేసినంక పిలువు అన్న..."

మాట పూర్తి చెయ్యకుండానే లేచి లోపలికి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఎడమ పక్కన ఆపి, ఓపిక పట్టి కూర్చుంటే బతికేలా రాశాడు. బ్రిడ్జి కింద కాలువకు అడ్డం పడిన పెద్ద హోర్డింగును బస్తీ జనం వచ్చి లాగేస్తారు, నీళ్లు మెల్లగా దిగుతాయి. ఆడేవాడికి అదొక యుగంలా ఉంటుంది. మూర్తి గారు తల పట్టుకున్నారు. "ఆటలో ఆగడమేంటయ్యా? ఫోను నేలకేసి కొడతారు!"

"కొట్టనీ సార్. మా నాయన ఆగిండు."

ఆ ఆగినంతసేపూ బస్సులో కూర్చున్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా నేను మాటలు రాశాను. ఏ ఊరు, ఏ గల్లీ, దిగాక ఇంట్లో ఏం వండుకుంటారు. నేను రాసినవాటిలో నిలిచేవి ఆ మాటలేనని నా నమ్మకం. కుదురుగా కూర్చోవడం చేతగాని మనిషి రాసిన మాటలు అవి.

అది పూర్తయిన రోజు మధ్యాహ్నం లింగం తల్లి బోటి కూర, జొన్నరొట్టె వండింది. తెచ్చుకోవడానికి లింగమే ఉప్పల్ వెళ్లాడు, మూడో రోజు తర్వాత మొదటిసారి. షెడ్డు మీది డాబా మీద విస్తరి పరిచాం. మూర్తి గారు నెత్తిన రుమాలు వేసుకున్నారు. ఎస్తేరు కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది. లింగం ముందుకు వెళ్లి, గొంతు సవరించుకుని, "నాయనా, రోడ్డు బాగు జేసిన. ఎడమదిక్కుకెల్లే పోవచ్చు. ఇగ నడుపు," అన్నాడు.

నీళ్ల ట్యాంకు మీది నుంచి కాకి దిగింది. తిన్నది. రొట్టె ముక్క ముక్కున కరుచుకుని నాచారం చెరువు వైపు ఎగిరిపోయింది.

మర్నాడు మా ఆటలో కాకి కూడా తిన్నది. బెంగళూరు నుంచి వచ్చినాయన మొదటి మలుపులో చాలాసేపు విసుక్కుని, ఆ తర్వాత ప్రయాణికుల మాటలకు చెవి ఒగ్గి, నీళ్లు దిగాక నిట్టూర్చాడు. ఆట బయటకు వచ్చింది. ఆడినవాళ్లు ఇప్పటికీ ఒకటి అడుగుతుంటారు: ఆఖరి దృశ్యంలో గోడ కింద చెవి తెగిన కుక్క ఒకటి పడుకుని ఉంటుంది, కథలో ఎక్కడా లేని కుక్క అక్కడెందుకు అని. ఎస్తేరుకు బుద్ధి పుట్టి గీసిందని చెబుతూ వచ్చాను.

చెవులు కదిలిన చోటు

చౌరస్తాకు మళ్లీ వచ్చాను. చెప్పులు వేసుకుంటున్నాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను.

కాకి రాలేదు.

ఆమ్లెట్ నిజం. లారీ కింద పడటం మూర్తి గారికి చెప్పిన అబద్ధం, కానీ చెప్పడం నిజం. ఈ మొత్తంలో నేను కల్పించింది డాబా మీది కాకి ఒక్కదాన్నే. ట్యాంకు మీద కాకి ఉన్న మాట వాస్తవం. అది కూర్చుంది, మేము నిలబడ్డాం. నేను డాబా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను, మూర్తి గారు తిరగొద్దని కసిరారు, మళ్లీ తిరిగాను. నీడలు సాగాయి. లింగం ముఖం మూడో రోజు ముఖంలా మారుతోంది. ఇంకో అబద్ధం ఆడదామని నోరు తెరిచి, చెవులు గుర్తొచ్చి మూసుకున్నాను.

అప్పుడు ఇనుప మెట్ల మీద చప్పుడైంది. మా కింది వాచ్‌మన్ పెంచే చెవి తెగిన కుక్క మెల్లగా పైకి వచ్చింది. మమ్మల్ని పట్టించుకోలేదు. తిన్నగా విస్తరి దగ్గరకు వెళ్లి, బోటి కూర తిని, రొట్టె తిని, విస్తరి కూడా నాకి, అక్కడే పడుకుంది. మూర్తి గారు రుమాలు తీశారు. ఎస్తేరు ఒక కన్ను తెరిచింది. కథలో కుక్కను పెడితే ఎవరూ నమ్మరని నేను ఇన్నాళ్లూ కాకినే చెబుతూ వచ్చాను.

లింగం చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా నవ్వాడు.

"సూసినవా అన్నా? మెట్లు ఎట్ల ఎక్కొచ్చిందో సూసినవా?"

"ఎట్ల?"

"ఎడమ పక్క గోడను ఇడువకుంట."